మంచు ఊరి చూరు కథ

డిసెంబరు నెలాఖరులో అమెరికాలోని మినియాపొలిస్ వీధుల్లో నడిచేవారి చూపు ముందుగా పడేది ఇళ్ల చూరుల మీదే. మర్రి ఊడల్లా మంచు కడ్డీలు వరసగా వేలాడుతుంటాయి. కొన్ని మూరెడు, కొన్ని నిలువెత్తు. ఎండ తగిలితే గాజులా మెరుస్తాయి. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు వాటి పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు. పాతికేళ్లుగా అక్కడే ఉంటున్నవాళ్లు మాత్రం ఫొటో సంగతి మర్చిపోయి కప్పు వంక చూస్తారు. తర్వాత లోపలికెళ్లి పడగ్గది సీలింగు వంక చూస్తారు, ఎక్కడైనా తడి మరక కనిపిస్తోందేమోనని.

చూరుకు నాలుగు చిన్న ఊడలు దిగితే ఫరవాలేదు. బారెడు ఊడలు దట్టంగా దిగాయంటే ఆ ఇంట్లో ఎక్కడో లోపం ఉందని లెక్క. అందుకే శీతాకాలం వచ్చిందంటే అక్కడి ఇరుగుపొరుగు మాటల్లో ఉద్యోగాలు, పిల్లల చదువులతోపాటు చూరు సంగతులూ దొర్లుతుంటాయి. ఆకులు పడకుండా దోనె మీద ఏ మూత వేయించారు, ఎంతయింది, మంచుకు ఆగిందా లేదా... ఇవే ప్రశ్నలు.

అది కూడా జంటనగరమే

అమెరికా పటంలో పైన, కెనడాను ఆనుకుని ఉంటుంది మిన్నెసోటా రాష్ట్రం. మిసిసిపీ నది పుట్టేది ఇక్కడే. ఆ నది ఒడ్డున పక్కపక్కనే పెరిగిన మినియాపొలిస్, సెయింట్ పాల్‌లను జంటనగరాలంటారు, మన హైదరాబాద్, సికింద్రాబాద్‌లను పిలిచినట్టే. పదివేల సరస్సుల రాష్ట్రమని కార్ల నంబరు ప్లేట్ల మీద రాసుకుంటారు కానీ, అది తగ్గించి చెప్పడమే. పదెకరాలు, అంతకు మించి ఉన్న సరస్సులే 11,842 ఉన్నాయి. చలికాలంలో అవి గడ్డకట్టుకుపోతాయి. గట్టి మంచు నాలుగు అంగుళాల మందం పేరుకుంటే మనిషి నడవచ్చు. ఇంకా మందమైతే కార్లే సరస్సు మీదికి వెళ్తాయి. చిన్న గుడిసెల్లాంటివి లాక్కెళ్లి, మంచుకు కన్నం పెట్టి, లోపల కూర్చుని చేపలు పడతారు.

జనవరిలో మామూలు రాత్రి ఉష్ణోగ్రత సున్నాకు 13 డిగ్రీలు దిగువన ఉంటుంది. 2019 జనవరి 30న అది మైనస్ 33కి దిగింది. నగరం నడిబొడ్డున భవనాలను రెండో అంతస్తు ఎత్తులో కలిపే గాజు వంతెనలు ఈ చలి కోసం కట్టినవే. స్కైవేలని పిలిచే ఈ దారులు 1962లో మొదలై ఇప్పుడు దాదాపు 15 కిలోమీటర్లకు పెరిగాయి. చొక్కా మీద కోటు లేకుండానే ఆఫీసు నుంచి భోజనానికి, అక్కడి నుంచి బ్యాంకుకు వెళ్లి రావచ్చు.

వైద్య పరికరాలు, ఆరోగ్య బీమా, పెద్ద దుకాణాల సంస్థల ప్రధాన కార్యాలయాలు ఉండటంతో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల మీద తెలుగువాళ్లూ ఇక్కడికి బాగానే చేరారు. ప్లిమత్, మేపుల్ గ్రోవ్, ఈడెన్ ప్రయరీ, ఈగన్, వుడ్‌బరీ లాంటి శివారు ఊళ్లలో ఇళ్లు కొనుక్కున్నారు. మేపుల్ గ్రోవ్‌లో 2006లో తలుపులు తెరిచిన హిందూ దేవాలయానికి ఆదివారం వెళితే తెలుగు మాటలు చెవిన పడతాయి. ఇల్లు అంటే అక్కడ చాలామందికి ముప్ఫై ఏళ్ల అప్పు. అలాంటి ఇంట్లోకి మొదటి శీతాకాలంలోనే పైనుంచి నీళ్లు కారితే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

గట్టర్ అంటే మురుగు కాదు

చూరు అంచున పొడవునా బిగించే అల్యూమినియం దోనెను అక్కడ గట్టర్ అంటారు. ఆ మాట వినగానే మనకు వీధి పక్క మురుగు కాలువ గుర్తొస్తుంది. పిల్లల దగ్గరికి వెళ్లిన తల్లిదండ్రులు ‘గట్టర్ శుభ్రం చేయడానికి అల్లుడు కప్పు దగ్గరికి ఎక్కడమేమిటి’ అని తెల్లబోతే ఆశ్చర్యం లేదు. నిజానికి మనకు తెలియని వస్తువేం కాదు. పెంకుటింటి చూరుకు రేకు దోనె కట్టి వాన నీళ్లను గాబులోకి పట్టుకోవడం మన పల్లెల్లోనూ ఉన్నదే.

మన దగ్గర దోనె నీళ్లు పట్టడానికైతే, అక్కడ నీళ్లను ఇంటికి దూరంగా తోలడానికి. మిన్నెసోటా చలికి నేల లోతు దాకా గడ్డకడుతుంది. గడ్డకట్టిన నేల ఉబ్బి పునాదిని ఎత్తేయకుండా జంటనగరాల ప్రాంతంలో కనీసం 42 అంగుళాల లోతు, ఉత్తరాన అయితే 60 అంగుళాల లోతు పునాది తవ్వాలని నిబంధన. ఎలాగూ అంత తవ్వుతున్నాం కదా అని ఇంకాస్త తవ్వి కింద ఒక అంతస్తు కట్టేస్తారు. అదే బేస్‌మెంట్. పిల్లల ఆటలు, అతిథుల పడక, పండగల భోజనాలు చాలా ఇళ్లలో అక్కడే. కప్పు మీది నీళ్లన్నీ గోడ పక్కనే పడితే మట్టిలోకి ఇంకి చేరేది ఆ బేస్‌మెంట్‌లోకే. మార్చిలో మంచు ఒక్కసారిగా కరిగేటప్పుడు ఈ ముప్పు మరీ ఎక్కువ. అందుకే దోనె కావాలి. దోనె పారాలంటే అందులో ఆకులు ఉండకూడదు.

ఊరి పేరులోనే చెట్టు

మేపుల్ గ్రోవ్ అంటేనే మేపుల్ చెట్ల తోపు. అక్టోబరులో ఆ చెట్లు ఎరుపు, పసుపు, నారింజ రంగుల్లోకి మారినప్పుడు చూడటానికి రెండు కళ్లూ చాలవు. రెండు వారాలు గడిచేసరికి ఆ రంగులన్నీ రాలి దోనెల్లో చేరతాయి. అది ఒక్క నెల బాధ అనుకుంటే పొరపాటే. వసంతంలో మేపుల్ గింజలు రెక్కలు కట్టుకుని గిరగిరా తిరుగుతూ దిగుతాయి. పిల్లలు వాటిని హెలికాప్టర్లంటారు. దోనెలో పడిన గింజ అక్కడి చెత్తలో మొలకెత్తుతుంది కూడా. అదే రోజుల్లో ఓక్ చెట్ల పూత దారాల కుచ్చుల్లా రాలుతుంది. జూన్‌లో కాటన్‌వుడ్ చెట్ల దూది గాలికి ఎగిరొచ్చి జల్లెడ లాంటి దేనికైనా అతుక్కుంటుంది. ఓక్ ఆకుల తీరు మరీ విచిత్రం. మిగతా చెట్లన్నీ మోడుబారాక కూడా ఎండిన ఆకుల్ని పట్టుకుని వేలాడి, మొదటి మంచు కురిశాక తీరిగ్గా వదులుతాయి. పైన్ చెట్టు ఉంటే సూదుల్లాంటి ఆకులు ఏడాదంతా. ఇవి చాలవన్నట్టు కప్పు మీద పరిచే తారు పలకల నుంచి ఇసుక రవ్వలు రాలుతూనే ఉంటాయి.

వీటిని తీయడానికి ఏడాదికి రెండుసార్లయినా నిచ్చెన వేయాలి. రెండంతస్తుల ఇంటి చూరు ఇరవై అడుగుల ఎత్తు. నవంబరు చలిలో చేతులు కొంకర్లు పోతుంటే, తడి గడ్డి మీద నిచ్చెన ఆనించి, ఒక చేత్తో దోనె పట్టుకుని రెండో చేత్తో కుళ్లిన ఆకులు తోడటం సరదా పనేం కాదు. నిచ్చెన మీంచి పడి ఆసుపత్రులకు వెళ్లేవాళ్లు అమెరికాలో ఏటా లక్ష దాటతారు. దోనెకు మూత వేయిద్దామన్న ఆలోచన చాలా ఇళ్లలో ఈ భయంతోనే మొదలవుతుంది. అది న్యాయమైన భయమే. చిక్కల్లా ఆ మూతతోనే చలికాలపు మంచు బాధ కూడా తీరిపోతుందని నమ్మడంతో వస్తుంది.

కప్పు మీద కట్ట

మంచు బాధ ఎలా పుడుతుందంటే... ఇంట్లో హీటరు రాత్రింబవళ్లు నడుస్తుంది. వేడి గాలి పైకి పోతుంది. సీలింగుకూ కప్పుకూ మధ్య అటక ఉంటుంది. లైట్ల చుట్టూ ఉన్న సందులు, అటక మూత అంచులు, పైపులు వెళ్లే కన్నాలు దొరికితే చాలు, వేడి అటకలోకి చేరి కప్పును అడుగు నుంచి కాస్తుంది. కప్పు మీద అడుగు మందాన మంచు దుప్పటిలా పరుచుకుని ఉంటుంది. ఆ దుప్పటి అడుగు పొర కరిగి నీళ్లు కిందికి జారతాయి. చూరు దగ్గరికొచ్చేసరికి కింద వెచ్చని గది ఉండదు, బయటి గాలే. నీళ్లు అక్కడ గడ్డకడతాయి. రోజూ ఇంత, రోజూ ఇంత. వారం పది రోజుల్లో చూరు పొడవునా మంచు కట్ట లేస్తుంది. అక్కడివాళ్లు దాన్ని ఐస్ డ్యామ్ అంటారు. ఏటికి అడ్డంగా కట్ట వేస్తే వెనక చెరువు నిలిచినట్టు, ఈ కట్ట వెనక కప్పు మీద నీళ్లు నిలుస్తాయి.

కప్పు పలకలు చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి ఉంటాయి. పైనుంచి కిందికి జారే నీళ్లను అవి బయటికి పంపుతాయి. నిలిచి వెనక్కి తన్నే నీళ్లను ఆపలేవు. అవి పలకల కిందికి దూరి, చెక్క తడిపి, గోడల్లోకి, సీలింగులోకి దిగుతాయి. మంచు ఎక్కువగా పడే చోట్ల పలకల కింద నీరు చొరని పొర ఒకటి చూరు అంచు నుంచి బయటి గోడ దాటి కనీసం 24 అంగుళాలు లోపలికి వేయాలని నిర్మాణ నిబంధనలు అడుగుతాయి. పాత ఇళ్లలో చాలాచోట్ల అది ఉండదు.

దక్షిణ మినియాపొలిస్‌లో 1920ల నుంచి 40ల దాకా కట్టిన ఒకటిన్నర అంతస్తుల చిన్న ఇళ్లు వీధులకు వీధులు ఉన్నాయి. ముద్దుగా ఉంటాయి. పై గదులు వాలు కప్పు కిందే సర్దుకుని ఉంటాయి కాబట్టి కప్పుకూ గదికీ మధ్య దూరం చాలా తక్కువ. ఐస్ డ్యామ్‌లకు ఇవి పెట్టింది పేరు. 2022-23 శీతాకాలంలో జంటనగరాల మీద 90.3 అంగుళాల మంచు కురిసింది. ఏడున్నర అడుగులన్నమాట. అక్కడి రికార్డుల్లో అది మూడో స్థానం. ఆవిరి యంత్రాలతో ఐస్ డ్యామ్‌లు కరిగించేవాళ్లకు ఆ ఏడు ఊపిరి సలపలేదు. ఆ పనికి గంటకు కొన్ని వందల డాలర్లు. డబ్బు మిగుల్చుకుందామని గొడ్డలితోనో సుత్తితోనో మంచు పగలగొట్టినవాళ్లు మంచుతోపాటు కప్పు పలకల్నీ పగలగొట్టుకుంటారు. మరుసటి శీతాకాలం అంతకుముందెన్నడూ లేనంత వెచ్చగా గడిచింది. చూరు ఊసు చాలామంది మర్చిపోయారు. మంచు ఊళ్లలో మరమ్మతులు వాయిదా పడేది ఇలాంటి ఏళ్లలోనే.

నేరం ఎవరిది? శిక్ష ఎవరికి?

మంచు కట్ట కనిపించేది దోనె దగ్గర కాబట్టి నింద దోనె మీద పడుతుంది. దోనె వల్లే ఐస్ డ్యామ్ ఏర్పడదని మిన్నెసోటా విశ్వవిద్యాలయ విస్తరణ విభాగం ఏళ్ల తరబడి చెబుతూ వచ్చింది. దోనె లేని కప్పుల మీద కూడా అది తయారవుతుంది. ఉన్నచోట దోనె చేసేదల్లా ఆ మంచును అంచున పోగేయడమే. నేరం వేడిది, వేడిని పైకి వదిలిన సందులది. కాబట్టి దోనె మీద ఎంత ఖరీదైన మూత బిగించినా కప్పు మీది మంచు కరగడం ఆగదు. మూత ఆపేది ఆకుల్ని. ఇంత చిన్న సంగతి తెలియకే వేల డాలర్లు పోసి, మరుసటి జనవరిలో మళ్లీ అవే ఊడల్ని చూసి తల పట్టుకుంటారు.

అలాగని ఏ మూతైనా ఒకటే అనుకోవడానికీ లేదు. వెచ్చని ఊళ్లలో బాగానే పనిచేసేవి కొన్ని చలికి చేతులెత్తేస్తాయి.

అన్నిటికన్నా చవక స్పాంజి దిమ్మెలు. దోనెలో కుక్కేస్తే చాలు, ఆకులు పైనే ఉండిపోతాయి, నీళ్లు లోపలికి ఇంకుతాయి. చలి ఊళ్లో స్పాంజి తడి పట్టుకుని గడ్డకట్టి దోనె నిండా ఒకటే మంచు దుంగ అవుతుంది. వేసవిలో అందులో మేపుల్ మొక్కలు మొలుస్తాయి. సీసాలు కడిగే బ్రష్షు లాంటిది దోనె పొడవునా పరిచే రకం ఇంకోటి. కుచ్చుల మధ్య ఇరుక్కున్న పైన్ సూదుల్ని వదిలించే ఓపిక ఎవరికీ ఉండదు. ఈ రెండింటినీ మిన్నెసోటాలో కొనకపోవడమే మేలు.

ప్లాస్టిక్ జాలీలు అడుగుకు ఒకటి రెండు డాలర్లకే దొరుకుతాయి. మొదటి ఏడాది ముచ్చటగానే ఉంటాయి. మైనస్ ఇరవైలో ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. పైన మంచు బరువు. మార్చి నాటికి కొన్ని ముక్కలు విరిగి దోనెలో పడి, తామే చెత్త అవుతాయి.

ఖరీదైన వాటిలో రెండు జాతులున్నాయి. ఒకటి బోర్లించిన మూత. దోనె మొత్తాన్ని రేకుతో కప్పి, ముందువైపు ముక్కులా గుండ్రంగా వంచుతారు. నీటికి తడిసిన తలాన్ని అంటిపెట్టుకుని పారే గుణం ఉంది కదా, పాలగిన్నె వంచితే పాలు అంచును పట్టుకుని కారినట్టు. ఆ గుణంతో నీళ్లు ముక్కు చుట్టూ తిరిగి కింద సన్నని సందులోంచి దోనెలో పడతాయి. ఆకులు ముక్కు మీంచి జారి నేల మీద పడతాయి. ఆలోచన భేషైనది. చలికాలంలో మాత్రం కరిగిన నీళ్లు ధారగా రావు, బొట్లు బొట్లుగా వస్తాయి. చల్లని రేకు ముక్కు మీద ఆ బొట్లు గడ్డకట్టి సన్నని సందును మూసేస్తాయి. ఆ తర్వాత వచ్చిన నీళ్లు బయటి అంచునుంచే వేలాడతాయి. జడివానలో నీళ్లు ముక్కు దాటి దూకేయడం దీని ఇంకో బలహీనత.

రెండోది స్టీలు సన్నజల్లెడ. అల్యూమినియం చట్రం మీద పిండి జల్లెడ లాంటి స్టెయిన్‌లెస్ స్టీలు వల బిగిస్తారు. ఇసుక రవ్వ కూడా లోపలికి పోదు. చెత్త ఆపడంలో దీన్ని మించింది లేదు. ఆ సన్నని కన్నాలే చలిలో దీని లోపం. పలచని నీటి పొర వాటి మీద గడ్డకడితే జల్లెడ కాస్తా పలక అవుతుంది. నీళ్లు దాని మీంచి జారి ముందుకు కారతాయి. కాటన్‌వుడ్ దూది, పూల పుప్పొడి అతుక్కుంటే ఏడాదికోసారి పొడవాటి బ్రష్షుతో తుడవాలి. ఇక శుభ్రం చేయనక్కర్లేదని ఎవరైనా చెబితే నమ్మకూడదు. బల్లపరుపుగా కాకుండా కప్పు వాలుకు తగ్గట్టు ఏటవాలుగా బిగిస్తే ఆకులూ నిలవవు, నీళ్లూ నిలవవు.

ఈ రెండు జాతుల మధ్య, మందమైన అల్యూమినియం రేకుకు కన్నాలు పొడిచిన మధ్యరకం ఒకటుంది. కన్నాలు కాస్త పెద్దవి కాబట్టి మంచుతో అంత తొందరగా మూసుకుపోవు. దోనెకే స్క్రూలతో బిగుస్తాయి, దోనెకు కాస్త బలం కూడా ఇస్తాయి. మేపుల్ గింజలు కొన్ని కన్నాల్లో ముల్లులా గుచ్చుకుని నిలబడతాయి, చీపురుతో ఒకసారి తోస్తే పోతాయి. ధరకూ పనికీ పొత్తు చూస్తే మేపుల్, ఓక్ చెట్లున్న ఇంటికి ఇదే మేలు. పైన్ చెట్టు చూరు మీదే వాలి ఉంటే మాత్రం స్టీలు జల్లెడకే ఓటు. ఏదైనా కప్పు పలకలు ఎత్తి కిందికి దోపకుండా, దోనెకు బిగించేదైతే మంచిది. పలకలు కదిపితే కప్పు గ్యారంటీకి ఎసరు వస్తుందేమో ముందే అడిగి తెలుసుకోవాలి.

అసలు మూతే అక్కర్లేని ఇళ్లూ ఉన్నాయి. శివార్లలో మొక్కజొన్న చేలు తీసేసి వేసిన కొత్త కాలనీల్లో చెట్లంటే చేతికర్రంత లావు మొక్కలే. ఆ ఆకులు చూరు ఎత్తుకు చేరడానికి ఇంకో పదిహేనేళ్లు పడుతుంది. తెలుగు కుటుంబాలు ఎక్కువగా కొంటున్న కొత్త ఇళ్లలో ఇలాంటివి కొల్లలు. ఏడాదికి ఒకటి రెండుసార్లు పనివాళ్లను పిలిచి దోనెలు కడిగిస్తే సరిపోయేదానికి వేల డాలర్ల మూత దండగ.

బేరం వేళ

ఇరవై, ముప్ఫై డాలర్లు అడుగుకు. కంపెనీలు మనిషిని పంపి బిగించే రకాలకు ధర అంతదాకా పోతుంది, దాటినా దాటుతుంది. మామూలు ఇంటికి నూటయాభై నుంచి రెండు వందల అడుగుల దోనె ఉంటుంది. లెక్క వేసుకుంటే కళ్లు తిరుగుతాయి. అమ్మేవాళ్లు ఇంటికొచ్చి, భార్యాభర్తలిద్దర్నీ కూర్చోబెట్టి, గంటన్నర ప్రదర్శన ఇచ్చి, మొదట పెద్ద అంకె చెప్పి, ‘ఈ సాయంత్రమే సంతకం పెడితే’ అంటూ సగానికి దిగుతారు. మన ఊళ్లో చీరల మూటవాడి దగ్గర బేరమాడి ఆరితేరిన అత్తగారు ఆ సమయానికి అక్కడ ఉంటే కుటుంబానికి ఎంతో మేలు. ఇంటికొచ్చి అమ్మిన సరుకు ధర 25 డాలర్లో, అంతకంటే ఎక్కువో ఉంటే మూడు పనిదినాల్లోపు ఒప్పందం రద్దు చేసుకునే హక్కు అమెరికా కేంద్ర నిబంధనలు ఇస్తున్నాయి. ఈ సంగతి తెలిస్తే ఆ సాయంత్రపు తొందర సగం తగ్గిపోతుంది. జీవితకాల గ్యారంటీ అన్నచోట చిన్న అక్షరాల్లో ఐస్ డ్యామ్ నష్టాన్ని మినహాయించారేమో కూడా చూడాలి.

మూత రకం గురించి ఎంత చర్చించినా, బిగించే పద్ధతి గురించి అడిగేవాళ్లు తక్కువ. మామూలు ఐదంగుళాల దోనె అడుగు పొడవులో నాలుగున్నర లీటర్ల నీళ్లు పడతాయి. ముప్ఫై అడుగుల దోనె నిండా గడ్డకడితే 120 కిలోలకు పైనే. ఇద్దరు పెద్దమనుషులు చూరు పట్టుకుని వేలాడినట్టు. వెచ్చని ఊళ్లలో రెండడుగులకో కొక్కెం చాలు, ఇక్కడ అడుగు, అడుగున్నరకొకటి ఉండాలి. దోనె ముందంచు కప్పు వాలు రేఖకు కాస్త కిందగా ఉండాలి. లేకపోతే పైనుంచి ఒక్కసారిగా జారిపడే మంచు పెళ్ల దోనెనూ మూతనూ కలిపి ఊడదీసుకుపోతుంది. మంచి మూత చలికాలంలో చేసే ఒకే ఒక్క మేలు కూడా ఇక్కడే ఉంది. శరత్తులో ఆకులు అడ్డుపడకుండా చూస్తే, గడ్డకట్టే రోజులు రాకముందే దోనె ఖాళీగా పారి ఎండి ఉంటుంది. నీళ్లు నిలిచిన దోనెకే మొదటి రాత్రి నుంచి బరువు మొదలవుతుంది.

కిందికి దిగే గొట్టం సంగతి మరీ ముఖ్యం. దాని మూతి గోడకు కనీసం ఆరడుగుల దూరంలో నీళ్లు వదలాలి, నడకదారి మీద కాదు. పగలు కరిగిన నీళ్లు కాలిబాట మీద పారి, సాయంత్రానికి అద్దంలా గడ్డకడతాయి. మంచు అలవాటు లేని పెద్దవాళ్లు గుమ్మం దిగగానే కాలు జారి తుంటి విరగ్గొట్టుకోవడానికి ఆ రెండడుగుల అద్దం చాలు.

చూరు మీద పాములా మెలికలు తిప్పి పరిచే వేడి తీగలు కూడా అమ్ముతారు. అడుగుకు ఆరు వాట్ల తీగ వంద అడుగులు వేస్తే 600 వాట్లు. రాత్రింబవళ్లు వెలిగిస్తే రోజుకు 14 యూనిట్లు దాటుతుంది. అవి మంచు కట్టలో ఒక దారి తొలుస్తాయి, అంతే. ఇంకే దారీ లేని మూలల్లో మాత్రం పనికొస్తాయి. భారీగా మంచు పడిన మర్నాడు నేల మీదే నిలబడి, పొడవాటి పిడి ఉన్న పారతో చూరు దగ్గర మూడు నాలుగు అడుగుల మేర మంచు లాగేయడం వీటికంటే చవకైన ఉపాయం. రూఫ్ రేక్ అనే ఆ పార దాదాపు ప్రతి హార్డ్‌వేర్ దుకాణంలో ఉంటుంది. కరెంటు తీగలకు తగలకుండా చూసుకోవాలి, తల మీద పెళ్ల పడకుండానూ.

డబ్బు పెట్టాల్సింది అటకలో

మూతకు పెట్టే డబ్బులో సగం అటకలో పెడితే మంచు కట్ట పుట్టుకనే ఆపవచ్చు. ముందు సందులు మూయాలి: లైట్ల చుట్టూ, పొగగొట్టం చుట్టూ, అటక మూత అంచులకు. ఆ తర్వాతే పైన దూదిలాంటి ఇన్సులేషన్ పరచాలి. కొత్త ఇళ్ల అటకలకు మిన్నెసోటాలో అడిగే స్థాయి ఆర్-49. సందులు మూయకుండా దూది మాత్రమే పరిస్తే చిల్లుల కుండలో నీళ్లు పోసినట్టే, వేడి గాలి దానిలోంచే పైకి పోతుంది. స్నానాలగది ఫ్యాను గొట్టం అటకలోకే వదిలేసిన ఇళ్లూ ఉంటాయి. ఆ ఆవిరి అక్కడే చెక్కలకు పట్టి గడ్డకడుతుంది. కుక్కరు కూతలు, పులుసుల పొంగులు ఉండే మన వంటిళ్లలో పొయ్యి మీది ఫ్యాను నిజంగా బయటికే వదులుతోందా అన్నది ఒకసారి చూడాల్సిందే. ఇంటిని గాలి ఫ్యానుతో పీల్చి, వేడి కెమెరాతో గోడలు చూసి, ఎక్కడ కారుతోందో చెప్పే తనిఖీలు అక్కడ దొరుకుతాయి. మూత అమ్మేవాడిని పిలిచే ముందు ఈ తనిఖీ మనిషిని పిలవడం తెలివైన పని.

అంతకంటే ముందు పైసా ఖర్చు లేని తనిఖీ ఒకటుంది. మొదటి మంచు నాలుగంగుళాలు కురిసి ఆగిన మర్నాడు పొద్దున్నే, ఎండ ఎక్కకముందు, వీధిలోకి వచ్చి కప్పులన్నీ ఒకసారి చూడాలి. కొన్ని కప్పులు అంచు నుంచి కొన దాకా తెల్లగా, మడత నలగని దుప్పటిలా ఉంటాయి. కొన్నిటి మీద మాత్రం మధ్యలో చాపంత నల్లని మచ్చలు కనిపిస్తాయి. స్నానాలగది పైన ఒకటి, అటక మూత పైన ఒకటి, పొగగొట్టం చుట్టూ ఇంకొకటి. వేడి కారేది సరిగ్గా అక్కడే.